పది గోలులు – ఒక గోలు

పరీక్షాఫలితములను గోడకంటించిన దినమున ఆ కాగితము ముందు నిలిచిన పిల్లవాని ముఖమును చూడని ఉపాధ్యాయుడుండడు. ఏడాది పొడుగున వాడు చదివిన చదువు, చదువనీయని ఇంటి యిబ్బందులు, సగమర్థమై సగము కాని లెక్కలు, తనంతట తాను తెలిసికొన్న ఒకటి రెండు విషయములు – ఇవేవియు ఆ కాగితముపై నుండవు. పేరున కెదురుగా ఒక అంకె యుండును. ఊరివారికి కావలసినదియు ఆ యంకెయే. ఆటల ప్రపంచమున ఈ యన్యాయము మరింత నిష్ఠురమైనది. ఏలయన బడిలో మరుసటి సంవత్సరము మరియొక పరీక్ష యుండును. ఆటలో ఒక్కొక్కప్పుడు ఆ మరుసటి సంవత్సరము రానే రాదు.

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశీయుడైన మౌరీసియో రోద్రిగెస్ పేరున కెదురుగా లోకము రెండంకెలను వ్రాసియుంచినది. స్వదేశీయులు ఆతనిని ‘పీపో’ అని ముద్దుపేరుతో పిలుతురు. మొదటి యంకె 3–2; అది 1969లో ఆటగాడుగా ఆతడు తన గోలుతో గెలిపించిన పోటీ. రెండవది 1–10, అది 1982లో శిక్షకుడుగా ఆతడు మోసిన ఓటమి. మొదటి గోలు ఒక యుద్ధమును తెచ్చినదనియు, రెండవదానికి సాటియైన పరాభవము ప్రపంచకప్పులో లేదనియు చెప్పుట పరిపాటియైనది. ఈ రెండు మాటలును సగము సత్యములు. తక్కిన సగమును ఎవరును అంతగా అడుగరు.

ఎల్ సాల్వడార్ విస్తీర్ణము సుమారు 21,000 చదరపు కిలోమీటర్లు. విభజనకు పూర్వమున్న అనంతపురము జిల్లా కంటె కొంచెము పెద్దది. దాని పొరుగుననున్న హోండురాస్ 1,12,000 చదరపు కిలోమీటర్ల దేశము, ఇంచుమించు తెలంగాణమంత. చిన్న దేశములో జనము హెచ్చు, పెద్ద దేశములో జనము తక్కువ. ఈ రెండు జట్లును 1970లో మెక్సికోలో జరుగనున్న ప్రపంచకప్పునకు అర్హత సంపాదించుటకై 1969 జూన్ నెలలో తలపడెను. జూన్ 8వ తేదీన హోండురాస్ రాజధాని తెగుసిగల్పాలో హోండురాస్ 1–0తో గెలిచెను. 15వ తేదీన సాన్ సాల్వడార్‌లో ఎల్ సాల్వడార్ 3–0తో గెలిచెను. రెండు ఊళ్లలోను అభిమానులు అతిథి జట్టు బసచేసిన హోటలు చుట్టును చేరి, రాత్రియంతయు కేకలతోను టపాకాయలతోను ఆటగాండ్రను నిద్రపోనీయలేదు. నాటి నియమముల ప్రకారము రెండు పోటీలలోని గోలులను కలిపి లెక్కించు పద్ధతి లేదు. ఉండినచో కథ అంతటితో ముగిసియుండెడిది. చెరియొక గెలుపు కావున, తటస్థభూమియైన మెక్సికో నగరమున మూడవ పోటీ తప్పనిసరియైనది. ఆ నెల చివర అస్తెకా మైదానమున జరిగిన ఆ పోటీలో తొంబది నిమిషములు గడచుసరికి 2–2. అదనపు సమయమున 101వ నిమిషమునందు రోద్రిగెస్ గోలు చేసెను.

ఆ పోటీనాటికే ఎల్ సాల్వడార్ హోండురాస్‌తో దౌత్యసంబంధములను తెంచుకొనుచుండెను. మూడు వారములు గడువకముందే, జూలై 14వ తేదీన, ఎల్ సాల్వడార్ విమానములు హోండురాస్‌పై బాంబులు వేసినవి. సైన్యము సరిహద్దు దాటినది. అమెరికా దేశముల కూటమి జోక్యము చేసికొని జూలై 18న యుద్ధవిరమణకు ఒప్పించెను. నూరు గంటలపాటు సాగిన ఆ పోరులో వేలమంది చచ్చిరి. అందు హెచ్చుమంది పల్లెవాసులు. పత్రికలు దానికి ‘ఫుట్‌బాల్ యుద్ధము’ అని పేరు పెట్టినవి. పోలెండు దేశపు పత్రికారచయిత రిషార్డ్ కపుశ్చిన్‌స్కి గ్రంథమొకటి ఆ పేరుతోనే వెలసి, దానిని లోకమంతట స్థిరపరచినది. పేరు పెట్టుట సులభము, పెట్టిన పేరును తుడుచుట కష్టము.

నిజమునకు ఆ యుద్ధము నేల కొరకు జరిగినది. 1881–82 సంవత్సరములలో ఎల్ సాల్వడార్ ప్రభుత్వము గ్రామసమష్టి భూములను రద్దుచేయగా, అవి కాఫీ తోటలుగా మారి కొలది కుటుంబముల చేతులలోనికి పోయినవి. నేల లేనివారు తరతరములుగా సరిహద్దు దాటి హోండురాస్ చేరిరి. కొందరు అరటితోటల కంపెనీలలో కూలి చేసిరి, మరికొందరు ఖాళీ కొండవాలులను నరికి మొక్కజొన్న పండించుకొనిరి. 1969 నాటికి అట్టివారు మూడు లక్షలవరకు ఉండిరని లెక్క. హోండురాస్ ప్రభుత్వము 1962లో చేసిన భూసంస్కరణ చట్టమును ఆ దశాబ్దము చివర అమలు పరచబూనినప్పుడు, పెద్ద భూస్వాముల జోలికి పోవుటకంటె పరదేశి పేదల గుడిసెలను ఖాళీచేయించుట తేలికయని తోచినది. భూములు హోండురాస్‌లో పుట్టినవారికేయని నిర్ణయించి, తక్కినవారిని వెడలగొట్టిరి. పదులవేలమంది మూటలు నెత్తిన పెట్టుకొని తిరిగివచ్చుచుండగా, వారికి చూపుటకు నేల లేని ఎల్ సాల్వడార్ ప్రభుత్వమునకు కోపము చూపుట యొక్కటే మిగిలినది. విలియం డర్హం అను అమెరికా పండితుడు 1979లో ప్రకటించిన గ్రంథమున ఈ భూసమస్యను సవిస్తరముగా విచారించెను.

కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒకేసారి జరిగినచో కాకతాళీయమందురు. రోద్రిగెస్ గోలు అట్టిదేనని తోసివేయుటయు సరికాదు. మైదానములో లేచిన కేకలను ఇరుదేశముల పాలకులును పత్రికలును వాడుకొన్నమాట నిజము. ఆ కేకలు లేకున్నను పండు మ్రగ్గియేయున్నది. మరియొక్క మాట: ఆ గోలు తన దేశమును ప్రపంచకప్పునకైనను నేరుగా చేర్చలేదు. యుద్ధము ముగిసిన తరువాత హైతీతో ఎల్ సాల్వడార్ మరి మూడు పోటీలు ఆడవలసివచ్చెను. వానిలో కడపటిది జమైకాలోని కింగ్‌స్టన్ నగరమున జరుగగా 1–0తో గెలిచి అర్హత పొందినది. ఆ గోలును ఎవరును జ్ఞాపకముంచుకొనలేదు. 1970లో మెక్సికోకు పోయిన ఆ జట్టు బెల్జియంతో 0–3, మెక్సికోతో 0–4, సోవియట్ యూనియన్‌తో 0–2 ఓడి, ఒక్క గోలైనను చేయక తిరిగివచ్చినది. రోద్రిగెస్ ఆ జట్టులోనివాడే.

శిక్షకుడుగా ఆతడు మరల ప్రపంచకప్పు త్రోవ పట్టునాటికి దేశము మారిపోయియుండెను. 1980 మార్చి 24న ఆర్చిబిషప్పు ఆస్కార్ రొమేరోను పూజాసమయమున వేదికయొద్దనే కాల్చి చంపిరి. గెరిల్లా దళములన్నియు ఆ యేడాది ఒక్కటైనవి. పగలు సైన్యము, రాత్రి తుపాకులు, తెల్లవారినంతనే వీధిప్రక్కల శవములు – ఈ స్థితిలో ఒక జట్టును కూర్చి, ఆటగాండ్రు వేళకు అభ్యాసమునకు వత్తురని ఎదురుచూచుటయే ఒక సాహసము. అదే యేడాది అక్టోబరు 30న ఎల్ సాల్వడార్, హోండురాస్ దేశములు పెరూ రాజధాని లీమాలో శాంతిసంధిపై సంతకములు చేసినవి. నూరు గంటల యుద్ధమునకు సంధి కుదురుటకు పదునొకండేండ్లు పట్టినది!

సంధి జరిగిన మరుసటి సంవత్సరము, 1981 నవంబరులో, ఆ ప్రాంతపు కడపటి అర్హతపోటీలు ఆరు జట్లతో తెగుసిగల్పాలో జరిగెను. ఏ దేశమును తన గోలుతో ప్రపంచకప్పు త్రోవనుండి తొలగించెనో, ఆ దేశపు రాజధానికే రోద్రిగెస్ తన జట్టును తీసికొనిపోవలసివచ్చినది. ఆరు జట్లలో ఇద్దరికే స్పెయిన్ పోవు అవకాశము. హోండురాస్, మెక్సికో, కెనడా, క్యూబా, హైతీ తక్కిన జట్లు.

ఎల్ సాల్వడార్ మొదటి పోటీలోనే కెనడాతో 0–1గా ఓడినది. పిదప ఎల్లరును గెలుచునని తలచిన మెక్సికోను 1–0తో ఓడించినది. క్యూబాతో 0–0, హోండురాస్‌తో 0–0, హైతీపై 1–0. ఐదు పోటీలలో ఆ జట్టు చేసిన గోలులు రెండే, ఇచ్చినది ఒక్కటే. హోర్హె గొన్సాలెస్ వంటి మాయల ఆటగాడు – ఆతనికి ‘మాంత్రికుడు’ అనియే బిరుదు – జట్టులో నుండగా, ఇంత పొదుపుగా ఆడించుట శిక్షకుని నిగ్రహమునకు గురుతు. చేతనున్న ధాన్యమెంతో తెలిసిన గృహస్థు వలె ఆతడు ప్రతి గింజను లెక్కపెట్టి ఖర్చుచేసెను.

అయినను అంతటితో పని పూర్తికాలేదు. నవంబరు 22న ఆఖరు పోటీ హోండురాస్, మెక్సికోల మధ్య. హోండురాస్ అప్పటికే అర్హత పొందినది; గెలిచినను ఓడినను దానికొక్కటే. మెక్సికో గెలిచినచో గోలుల లెక్కలో ఎల్ సాల్వడార్‌ను దాటి స్పెయిన్ పోవును. పండ్రెండేండ్ల క్రితము తమ పల్లెలపై బాంబులు వేసిన పొరుగువారిని ఇంటికి పంపుటకు హోండురాస్ ఏమియు చేయనక్కరలేదు. కొంచెము అలసటగా ఆడిన చాలును. ఆ జట్టు అట్లు ఆడలేదు. పోటీ 0–0గా ముగిసినది. మెక్సికో ఇంట నిలిచిపోయెను, ఎల్ సాల్వడార్ స్పెయిన్‌కు పోయెను. ‘ఫుట్‌బాల్ యుద్ధము’ అను పేరు ఎరిగినవారు లక్షలమంది కలరు. అదే ఫుట్‌బాల్ ఆ రెండు దేశములను ఒకే ప్రపంచకప్పునకు కలిపి పంపిన ఆ సాయంకాలమునకు మాత్రము ఎవరును పేరు పెట్టలేదు.

స్పెయిన్ పోటీలకు ఒక్కొక్క దేశము 22 మంది ఆటగాండ్రను తీసికొనిపోవచ్చును. ఎల్ సాల్వడార్ 20 మందినే పంపెను. పోటీకి కొలది దినములు ముందు మాత్రమే వారు గమ్యస్థానము చేరిరి. 1982 జూన్ 15న ఎల్చే నగరమున హంగరీతో మొదటి పోటీ. విరామమునకు 0–3. తరువాత 0–5. అప్పుడు, 64వ నిమిషమున, మధ్యలో ప్రవేశించిన లూయీస్ రామిరెస్ సపాతా ఒక గోలు చేసెను. ఎల్ సాల్వడార్‌కు ప్రపంచకప్పులో అది మొట్టమొదటి గోలు. ఆతడు ఆనందము పట్టజాలక పరుగులెత్తుచుండగా, హంగరీవారికి కోపము వచ్చునని తోడివారు ఆతని నడ్డగించిరని ఒక కథ ప్రచారములో నున్నది. వారి భయము నిజమైనదా యన్నట్లు 69వ నిమిషమునుండి 83వ నిమిషములోపల హంగరీ మరి ఐదు గోలులు చేసినది. వానిలో మూడింటిని లాస్‌లో కిస్ అనునాతడు, ఆతడును మధ్యలో ప్రవేశించినవాడే, 7 నిమిషములలో చేసెను.

ఐదు పోటీలలో ఒక్క గోలిచ్చిన జట్టు ఒక్క పోటీలో పది ఇచ్చినదనగా ఏమి జరిగియుండును? గోలు చేసినంతనే ఇంకొకటి చేయగలమను ఆశ పుట్టియుండును. లెక్కపెట్టి ఖర్చుచేయు చేయి ఆ క్షణమున వదులైనది. శిక్షకుని తప్పు లేదనుట పక్షపాతమగును. ముందు జాగ్రత్త పడవలసినవాడును, చెదరిన జట్టును మరల కూర్పవలసినవాడును ఆతడే. కాని పదింటి భారమంతయు ఆతని పద్దులోనే వ్రాసిన లోకము, ఆ వారమున జరిగిన తక్కిన రెండు పోటీల పద్దును చూడనే లేదు. ప్రారంభపోటీలో జగజ్జేతయైన అర్జెంటీనాను ఓడించిన బెల్జియము, జూన్ 19న ఎల్ సాల్వడార్‌పై ఒక్క గోలే చేయగలిగినది. 23న మారడోనాతో కూడిన అర్జెంటీనా 2–0తో గెలిచినది, అందొకటి పెనాల్టీ. పది గోలులు తిన్న జట్టు నాలుగు దినములలో లేచి నిలిచి, తరువాతి రెండు పోటీలలో మూడే ఇచ్చినది. ఆ లేచుటలో శిక్షకుని పాలెంత, ఆటగాండ్ర పౌరుషము పాలెంత అని తూచుటకు త్రాసు లేదు. పాఠము నేర్చుకొన్నారనుట మాత్రము స్పష్టము. పది గోలులు చేసిన హంగరీ సంగతి చూడుడు: అర్జెంటీనాతో 1–4గా ఓడి, బెల్జియంతో 1–1గా ముగించి, ఎల్ సాల్వడార్ వలెనే మొదటి దశలోనే ఇంటిముఖము పట్టినది. 1954లో దక్షిణ కొరియాయు, 1974లో జైరేయు 0–9తో ఓడిన పోటీలలోను గోలుల వ్యత్యాసము తొమ్మిదే. అవి జ్ఞాపకమున్నవారు అరుదు. ‘పది’ అను శబ్దమునకు చెవిలో మ్రోగు గుణమున్నది కాబోలు.

ఎల్చేలో ఆ పరాభవము జరిగిన మరునాడే వాలెన్సియా నగరమున హోండురాస్, ఆతిథ్యదేశమైన స్పెయిన్‌ను 1–1తో నిలువరించినది. ఆ జట్టు శిక్షకుడు హోసే దె లా పాస్ హెర్రెరా, ప్రజలకు ‘చెలాతో’. ఉత్తర ఐర్లండుతో 1–1, యుగోస్లావియాతో 88వ నిమిషపు పెనాల్టీవలన 0–1. ఇంతలో ముగిసిన ఆ ప్రయాణమునకు హోండురాస్ ప్రజలు ఆతనిని జీవితాంతము గౌరవించిరి. 2021లో ఆతడు మరణించునాటికిని 1982 జట్టు పేరుతోనే ఆతనిని తలచుకొనుచుండిరి. ఆ జట్టుకూడ ఒక్క పోటీయైనను గెలువలేదు. మొదటి దశలోనే తిరిగివచ్చినది. ఇద్దరు శిక్షకులు, ఇరుగుపొరుగు దేశములు, ఒకే ప్రపంచకప్పు. ఒకనికి పూలమాల, ఒకనికి తలవంపు.

పది–ఒకటి అను ఈ యంకె తెలుగునాటికి క్రొత్తది కాదు. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలకు పోయిన భారతజట్టు, జూలై 15న యుగోస్లావియా చేతిలో సరిగా ఇదే లెక్కతో, 1–10గా ఓడినది. మన ఆటగాండ్రలో హెచ్చుమంది ఆ చలినేలపై వట్టి పాదములతో ఆడిరి. ఆ ఓటమి తరువాత దేశములో బూట్లు తొడిగికొని యాడుట తప్పనిసరియైనది. నాలుగేండ్లకు, 1956లో, మెల్‌బోర్న్ పోయిన జట్టుకును శిక్షకుడు రహీమే. ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనలు చేరగా, ఎదుట నిలిచినది మరల యుగోస్లావియాయే. మొదటి గోలు భారతదేశపు నెవిల్ డిసౌజాది! తుదకు 1–4గా ఓడినను, పదినుండి నాలుగునకు దిగుటలో నాలుగేండ్ల పాఠమున్నది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలలో, తొలిపోటీలో 0–2తో ఓడించిన దక్షిణ కొరియాను ఫైనలులో 2–1తో గెలిచి రహీమ్ శిష్యులు స్వర్ణపతకము తెచ్చిరి. మరుసటి యేడు 53వ యేట ఆయన మరణించెను. 1952లోనే ‘పది గోలులిచ్చిన పంతులు’ అని ఇంటికి పంపియుండినచో మెల్‌బోర్నును జకార్తాను ఆ పేరుతో ఎవరు తలచుదురు?

రహీమ్‌కు మరల పరీక్ష వ్రాయు అవకాశము దొరకినది. బూట్లు వచ్చినవి, ఏండ్లు వచ్చినవి, మరియొక ఒలింపిక్ వచ్చినది. రోద్రిగెస్ దేశమునకు వచ్చినది మరి పదేండ్ల అంతర్యుద్ధము. 1992 జనవరి 16న శాంతి ఒప్పందము కుదురునాటికి ఆ చిన్నదేశమున 75,000 మంది బలియైరని అంచనా. అదే యేడాది సెప్టెంబరు 11న హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము హోండురాస్‌తో గల సరిహద్దు తగవును తీర్చినది. ఆటస్థలములు, శిక్షణాలయములు, బాలురజట్లు – ఇవి యన్నియు శాంతికాలపు పంటలు. అవి లేక శిక్షకుడొక్కడు ఏమి చేయగలడు? 1982 తరువాత 2022 వరకు జరిగిన పది ప్రపంచకప్పులలో ఎల్ సాల్వడార్ పేరు లేదు. ఎల్చేలో ఓడిన ఆటగాండ్రను ఏండ్లకొలది వీధులలో వెక్కిరించిన దేశీయులు, కాలక్రమమున, తామింతవరకు ప్రపంచకప్పునకు పంపిన కడపటి జట్టు అదేనని గ్రహింపవలసివచ్చినది.

ఆ దేశము ప్రపంచకప్పులో ఆడిన పోటీలు మొత్తము ఆరు, ఇచ్చిన గోలులు ఇరువదిరెండు, చేసిన గోలు ఒకటి. ఆ యొక్క గోలు రామిరెస్ సపాతాది. హంగరీతో పోటీ ఆరంభమైనప్పుడు ఆతడు మైదానములో లేడు. ప్రక్కన బల్లపై కూర్చుండియుండెను. అరగంటయైనను గడువకముందే ఆతనిని లేపి ఆటలోనికి పంపినవాడు రోద్రిగెస్.